బత్తా తరవాత, ముందు మంచం: బార్మేర్, దులియాజాన్, మిడ్‌ల్యాండ్‌లలో పనికి ఎక్కడికి వెళ్లాలి?

మా అక్క కొడుకు మొన్న ఆదివారం తెల్లవారుజామున హైదరాబాదు బస్సు దిగి, తన ఇంటికైనా పోకుండా బెజవాడ పటమటలోని మా ఇంటి తలుపు తట్టాడు. చేతిలో మూడు కాగితాలు. వాడు పనిచేసేది పంపులు తయారుచేసే కంపెనీలో. అమ్మిన పంపు ఎక్కడ మొరాయిస్తే అక్కడికి సర్వీసు మనిషిని పంపుతారు. ఈసారి ఒకేసారి మూడు చోట్ల పని పడింది. రాజస్థాన్‌లోని బార్మేర్‌లో ఆరు వారాలు, అస్సాంలోని దులియాజాన్‌లో నెల రోజులు, అమెరికాలో పశ్చిమ టెక్సాస్‌లోని మిడ్‌ల్యాండ్ వైపు మూడు వారాలు. ఏది కావాలో నువ్వే ఎంచుకో అన్నారట.

"మామయ్యా, మిడ్‌ల్యాండ్‌కు బత్తా ఎక్కువ. కళ్లు మూసుకుని అదే తీసుకోనా?" అన్నాడు.

"బత్తా సరేరా, మంచం ఎవరిది?" అన్నాను.

వాడికి అర్థం కాలేదు. పదిహేడేళ్ల కిందట నాకూ అర్థం కాలేదు. ఆటోనగర్‌లో పంపులకు సీళ్లు, బేరింగులు మార్చే పనిలో ఉన్నవాణ్ని. ఆ పని మీదే బార్మేర్ నాలుగుసార్లు, దులియాజాన్ రెండుసార్లు, ఒక తయారీదారు తరఫున పశ్చిమ టెక్సాస్ ఒకసారి వెళ్లి వచ్చాను. ఆ పూట వాడికి చెప్పినవి, చెప్పడం మరిచినవి కలిపి ఇక్కడ రాస్తున్నాను. మీ చేతిలోనూ ఇలాంటి కాగితం ఉంటే పనికొస్తుంది.

మంచం లెక్క

చమురు ఊళ్లన్నిటికీ ఒకే జబ్బు. భూమిలో నూనె ఎక్కడుంటే పని అక్కడికి పోతుంది, పక్కన ఊరు ఉందా లేదా అని చూడదు. లక్షమంది ఉండే ఊరికి ఏడాది తిరిగేలోపు వేలమంది మగవాళ్లు సంచులతో దిగుతారు. బియ్యం లారీలో వస్తుంది, డీజిలు ట్యాంకరులో వస్తుంది, గది మాత్రం ఎక్కడి నుంచీ రాదు. అందుకే అక్కడ ముందు పెరిగేది గది అద్దె, ఆ తరవాత బండి అద్దె. జీతం ఎంత పెద్దదైనా ఈ రెండూ మన జేబులోంచి పోతే మిగిలేది బెజవాడలో ఉండి సంపాదించిన దానికన్నా తక్కువే.

నా మొదటి బార్మేర్ ప్రయాణంలో గుత్తేదారు "రూము ఇస్తాం" అన్నాడు. ఇచ్చాడు కూడా. రెండు మంచాలు, ముగ్గురు మనుషులు. రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాడు పొద్దున ఆరింటికి నన్ను లేపి నా మంచంలో పడుకునేవాడు. దుప్పటి ఇంకా వెచ్చగానే ఉందని నవ్వేవాడు పాపం. పన్నెండు గంటల షిఫ్టుకు నిద్రే పెట్టుబడి. నిద్ర చాలని చేత్తో, పంపు కారకుండా ఆపే సీలు ముఖం పాలిష్ చేస్తే ఏమవుతుందో పంపు పని తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

టెక్సాస్‌లో ఇంకో రకం. నేను దిగిన మోటెల్‌లో వారానికని మాట్లాడుకుని చేరాను. నాలుగో రోజు కౌంటరులో మనిషి మారాడు, రేటూ మారింది. పొడిగించాలంటే కొత్త ధర, లేదంటే ఖాళీ చేయాలి. అక్కడి గదుల ధరలు ముడి చమురు ధరను పట్టుకుని పైకీ కిందికీ పోతుంటాయి. 2014 మధ్యలో పీపా వంద డాలర్లు దాటి ఉన్నప్పుడు గది దొరకడమే అదృష్టం. 2016 ఫిబ్రవరిలో ఆ ధర 26 డాలర్లకు వచ్చింది. 2020 ఏప్రిల్ 20న అయితే అమెరికా ముడి చమురు ముందస్తు ఒప్పందాల (ఫ్యూచర్స్) ధర సున్నా కన్నా కిందికి, మైనస్ 37.63 డాలర్లకు పోయింది. నూనె తీసుకుపొమ్మని ఎదురు డబ్బిచ్చిన రోజు అది! అలాంటి ఊళ్లో మన పని మధ్యలో ఆగిపోవడం వింత కాదు. ఎనభైలలో ధర కూలిపోయాక "దేవుడా, ఇంకొక్కసారి నూనె ధర పెంచు, ఈసారి దుబారా చేయను" అని కార్ల వెనక రాసుకుని తిరిగారట అక్కడివాళ్లు. ధర మళ్లీ పెరిగింది. దుబారా కూడా.

కాబట్టి కాగితంలో నాలుగు మాటలు వెతకండి. బస ఎవరిది, బండి ఎవరిది, తిరుగు టికెట్టు ఎవరిది, పని ఆగిన రోజులకు జీతం ఉందా. నాలుగోదాన్ని అందరూ మరిచిపోతారు. దులియాజాన్‌లో బంద్ వల్ల నేను రెండు రోజులు గదిలో కూర్చుంటే, నన్ను పంపిన మధ్యవర్తి ఆ రెండు రోజుల బత్తా కోసేశాడు. నోటిమాటకు సాక్ష్యం ఏముంటుంది?

మా వాడి కాగితాలు ఈ కళ్లతో మళ్లీ చదివితే బొమ్మ తిరగబడింది. దులియాజాన్ కాగితంలో అతిథి గృహం, మూడు పూటల భోజనం, బండి రాసి ఉన్నాయి, బత్తా తక్కువ. బార్మేర్ కాగితంలో "షేరింగ్ రూము" అని ఉంది, ఎంతమందితో అని లేదు. మిడ్‌ల్యాండ్ కాగితంలో బస, వాహనం, భోజనం అన్నీ బత్తాలోనే. ఆ పెద్ద అంకెలో సగానికి పైగా మోటెల్‌వాడిదీ కారు అద్దెవాడిదీ అన్నమాట.

ఎండ, వాన, దుమ్ము గాలి

బార్మేర్ ఎండ గురించి మనవాళ్లు ఒక పొరపాటు చేస్తారు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊరి నుంచి వచ్చినవాళ్లం, మాకు ఎండ నేర్పేదేమిటి అనుకుంటారు. బెజవాడ ఎండలో కృష్ణ ఒడ్డున చెమట కారుతుంది, చొక్కా తడుస్తుంది, ఒళ్లు మనకు సంగతి చెబుతుంది. బార్మేర్‌లో మే నెలలో 45 డిగ్రీలు దాటడం మామూలు, గాలి మాత్రం పొడి. చెమట పట్టినట్టే తెలియదు, పట్టగానే ఆరిపోతుంది. చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు చూసుకున్నప్పుడు గానీ ఒంట్లో నీళ్లు పోయాయని తెలియదు. దాహం కోసం ఆగకుండా గడియారం చూసి నీళ్లు తాగాలి. నేను చెప్పేది ఒకటే: అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా అయితే బార్మేర్ మూడింటిలో హాయైన చోటు. రాత్రుళ్లు స్వెట్టరు కావాలి, పగలు పని సాఫీగా సాగుతుంది. మే, జూన్‌లలో అయితే రెట్టింపు బత్తా ఇచ్చినా మొదటిసారి వెళ్లేవాళ్లకు వద్దంటాను.

ఎడారి కదా, వాన భయం లేదనుకోకండి. 2006 ఆగస్టులో బార్మేర్ దగ్గర కవాస్ గ్రామం నిలువునా మునిగింది. అక్కడ మట్టి కింద జిప్సం పొర ఉంది. నీరు ఇంకదు. నెలల తరబడి అలాగే నిలిచిపోయింది.

దులియాజాన్‌లో ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా వాన. పనిముట్లకు తుప్పు, బట్టలకు బూజు. ఎగువ అస్సాంలో వానాకాలంలో మెదడువాపు జ్వరం బెడద ఉంటుంది కాబట్టి దోమతెర తప్పనిసరి, టీకా సంగతి వెళ్లేముందు డాక్టరును అడగండి. మనల్ని అన్నిటికన్నా తికమకపెట్టేది సూర్యుడు. జూన్‌లో నాలుగున్నరకే తెల్లగా తెల్లవారుతుంది, డిసెంబరులో నాలుగున్నరకే చీకటి పడుతుంది. తేయాకు తోటలవాళ్లు గడియారాన్ని గంట ముందుకు పెట్టుకుని "బాగాన్ టైము" అని నడుపుకుంటారు. ఎవరైనా "ఏడింటికి రండి" అంటే ఏ ఏడింటికో అడగండి.

గడియారం గొడవ టెక్సాస్‌లోనూ ఉంది. మిడ్‌ల్యాండ్, ఒడెస్సాలు ఉన్న పెర్మియన్ చమురు ప్రాంతం పక్క రాష్ట్రం న్యూమెక్సికోలోకీ పరుచుకుని ఉంటుంది. సరిహద్దు దాటితే గడియారం గంట వెనక్కు. న్యూమెక్సికోలోని కార్ల్స్‌బాడ్‌లో పడుకుని టెక్సాస్ వైపు ఆరు గంటల షిఫ్టుకు పోవాలంటే, మీ గది గడియారంలో ఐదింటికే గేటు దగ్గర ఉండాలి. వేసవి ఎండ అక్కడ మన గుంటూరులాగే ఉంటుంది, కాకపోతే దుమ్ము తుపాను వచ్చిందంటే ముందున్న లారీ కనిపించదు. చలి తక్కువేమీ కాదు. 2021 ఫిబ్రవరిలో మంచు తుపానుకు కరెంటు పోయి, బావులే గడ్డకట్టి ఆగిపోయాయి.

అక్కడి నూనె, అక్కడి పని

బార్మేర్‌లో మంగళ అనే చమురు క్షేత్రం 2004 జనవరిలో బయటపడింది, 2009 ఆగస్టులో ఉత్పత్తి మొదలైంది. అక్కడి ముడి చమురులో మైనం ఎక్కువ. మాఘమాసంలో నెయ్యి పేరినట్టు మామూలు వేడిలోనే పేరుకుపోతుంది. అందుకే గుజరాత్ తీరం దాకా సుమారు 670 కి.మీ. పైపులైనును దారి పొడవునా వేడిచేస్తూ నడుపుతారు. పంపు మనిషికి దీని అర్థం ఏమిటంటే, ఆగిన పంపును చల్లారనిచ్చి తీరిగ్గా విప్పుదాం అంటే కుదరదు. లోపల మైనం బిగుసుకుంటుంది. ఆవిరి, వేడి నూనె, కంగారు, అన్నీ కలిసి వస్తాయి. కొత్త కుర్రాడు ఇక్కడ ఆరు వారాలు చేస్తే మరోచోట రెండేళ్లలో నేర్చుకునేంత నేర్చుకుంటాడు. పైగా బాలోత్రా దగ్గర పచ్‌పద్రాలో ఏడాదికి 90 లక్షల టన్నుల రిఫైనరీ పని మొదలయ్యాక ఆ చుట్టుపక్కల వెల్డర్లు, ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లతో గదులు నిండిపోయాయి. మీ పని పచ్‌పద్రా వైపైతే బార్మేర్‌లో గది ఒప్పుకోకండి. రోజూ రానూ పోనూ రెండు వందల కిలోమీటర్లకు అటూ ఇటూ అవుతుంది. రాత్రి రోడ్డు మీద ఒంటెలూ ఆవులూ ఉంటాయి, వాటికి లైట్లుండవు.

దులియాజాన్‌ది వేరే స్వభావం. నిజానికి దాన్ని పొంగు మీదున్న ఊరు అనకూడదు. పొంగి, చల్లారి, కుదురుకున్న ఊరు. పక్కనే ఉన్న దిగ్బోయ్‌లో 1889లోనే నూనె పడింది, 1901 నుంచి రిఫైనరీ నడుస్తోంది. దులియాజాన్ ప్రభుత్వ చమురు సంస్థ ఆయిల్ ఇండియాకు క్షేత్ర పనుల ప్రధాన కేంద్రం. క్వార్టర్లు, ఆసుపత్రి, క్లబ్బు, చెట్ల నీడన రోడ్లు. పని నింపాదిగా, కాగితం ప్రకారం జరుగుతుంది. పాత బావులు, పాత పంపులు, విడిభాగం దొరకదు, ఉన్నదాన్నే సాన పట్టి నిలబెట్టాలి. ఆటోనగర్ బుర్రకు సరిగ్గా సరిపోయే చోటు. అలాగని నిశ్చింత పనికిరాదు. 2020 మే 27న తిన్‌సుకియా జిల్లాలోని బాగ్‌జాన్‌లో ఒక బావి అదుపు తప్పి గ్యాసు ఎగజిమ్మింది. జూన్ 9న అంటుకుంది. పూర్తిగా ఆర్పడానికి నవంబరు దాకా పట్టింది. మన కోనసీమ వాళ్లకు కొత్తగా చెప్పాలా? 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండిన సంగతి ఇప్పటికీ కథలు కథలుగా చెబుతారు.

పశ్చిమ టెక్సాస్‌లో నూనె కన్నా ముందు రోడ్డును చూసి భయపడాలి. అమెరికాలో చమురు, గ్యాసు పనివాళ్ల చావులకు అన్నిటికన్నా పెద్ద కారణం రోడ్డు ప్రమాదాలే. ఇసుక లారీలు, నీళ్ల ట్యాంకర్లు, పన్నెండు గంటల షిఫ్టు ముగించి తూలుతూ నడిపే పికప్‌లు. పేకోస్ ఊరి మీదుగా పోయే 285వ నంబరు రోడ్డును అక్కడివాళ్లే చావు రోడ్డు అంటారు. రెండోది హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు. బార్మేర్, అస్సాం నూనెల్లో గంధకం తక్కువ కాబట్టి మనవాళ్లు ఈ గ్యాసును తేలిగ్గా తీసుకుంటారు. కుళ్లిన గుడ్డు వాసన వస్తే తెలుస్తుంది కదా అంటారు. అదే మోసం. గాఢత పెరిగితే ముక్కు మొద్దుబారుతుంది, వాసన ఆగిపోతుంది, గ్యాసు పోయిందనుకుంటాం. 2019 అక్టోబరులో ఒడెస్సాలో ఒక పంపు గదిలో అలారం మోగితే చూడబోయిన పనివాడు ఈ గ్యాసుకే చనిపోయాడు. రాత్రయినా ఇంటికి రాలేదని వెతుక్కుంటూ వచ్చిన భార్య కూడా చనిపోయింది. మన పనీ పంపు గదుల్లోనే. చొక్కాకు గ్యాసు డిటెక్టరు లేకుండా లోపలికి అడుగుపెట్టకండి. దిగగానే గాలి దిక్కు చూపే గాలి సంచి ఎటు ఊగుతోందో చూసి పెట్టుకోండి, అలారం మోగితే గాలికి అడ్డంగా పోయి, ఆపైన గాలికి ఎదురుగా పరుగెత్తాలి.

ఇంకో చిన్న సంగతి, మనవాళ్లకు చిన్నది కాదు. ఊపిరి ముసుగు ముఖానికి గట్టిగా అంటాలంటే గడ్డం ఉండకూడదు. ఈ గ్యాసున్న చోట గడ్డంతో గేటు దాటనివ్వరు. కార్తికంలో అయ్యప్ప మాల వేసుకునేవాళ్లు, దుర్గమ్మ భవానీ దీక్ష పట్టేవాళ్లు ఆ నెలల్లో టెక్సాస్ పని ఒప్పుకుంటే మధ్యలో ఇరుక్కుంటారు. దీక్షనో, పనినో ముందుగానే వాయిదా వేసుకోవాలి. మా వాడికి దీక్ష లేదు గానీ, రెండేళ్లుగా నూనె రాసి పెంచుకుంటున్న గడ్డం ఉంది. ఈ మాట వినగానే ముఖం కందగడ్డ అయింది.

వెళ్లడం, పెట్టె, వీసా

పనిముట్ల పెట్టె ఉన్నవాళ్లకు రైలే మేలు. కన్యాకుమారి నుంచి డిబ్రూగఢ్ పోయే వివేక్ ఎక్స్‌ప్రెస్ మన బెజవాడ స్టేషన్ మీదుగానే వెళ్తుంది. 4,100 కి.మీ. పైబడిన ఆ మార్గం దేశంలోనే అతి పొడవైనది. ఇక్కడ ఎక్కితే రెండు రోజులకు పైగా ప్రయాణం. న్యూ తిన్‌సుకియా స్టేషన్‌లో దిగి గంటలోపు దులియాజాన్ చేరవచ్చు. టార్క్ రెంచ్, పుల్లర్లు, డయల్ గేజీలు అన్నీ బెర్తు కింద పడి ఉంటాయి, ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు. విమానమైతే డిబ్రూగఢ్‌లో దిగాలి. అప్పుడు స్క్రూడ్రైవరు నుంచి అన్నీ చెక్ ఇన్ సామానులో పోవాలి, విడి లిథియం బ్యాటరీలు మాత్రం చేతి సంచిలోనే ఉండాలి. గేజి పరీక్షించే గ్యాసు సిలిండర్ల ఊసే ఎత్తకండి, అవి అక్కడే అడిగి తీసుకోవాలి.

బార్మేర్‌కు ముందు జోధ్‌పూర్ చేరాలి. అక్కడి నుంచి సుమారు 200 కి.మీ., రైలూ ఉంది, రోడ్డూ ఉంది. పగటిపూట చేరేలా చూసుకోండి.

మిడ్‌ల్యాండ్‌కు హైదరాబాదు నుంచి దోహా మీదుగానో దుబాయ్ మీదుగానో డాలస్, అక్కడి నుంచి గంట పైచిలుకు చిన్న విమానం. విమానాశ్రయం మిడ్‌ల్యాండ్‌కు ఒడెస్సాకు నడుమనే ఉంది. "డాలస్‌లో మన వాళ్లున్నారుగా, శని ఆదివారాలు వెళ్లొస్తా" అన్నాడు మా వాడు. డాలస్ నుంచి మిడ్‌ల్యాండ్ 530 కి.మీ., బెజవాడ నుంచి చెన్నై కన్నా దూరం. పైగా శని ఆదివారాలనేవి ఆ ఊళ్లలో క్యాలెండరులోనే ఉంటాయి.

వీసా దగ్గర జాగ్రత్త. వ్యాపార పర్యటనలకు ఇచ్చే బి-1 వీసా సమావేశాలకే గానీ రెంచ్ పట్టడానికి కాదని అందరికీ తెలుసు. ఒక మినహాయింపు ఉంది. అమెరికా బయటి కంపెనీ నుంచి యంత్రం కొని ఉండి, దానికి సర్వీసు చేసే బాధ్యత అమ్మిన కంపెనీదేనని కొనుగోలు ఒప్పందంలోనే రాసి ఉంటే, ఆ యంత్రం గురించి ప్రత్యేకంగా తెలిసిన మనిషి బి-1 మీద వెళ్లి పని చేయవచ్చు. జీతం మాత్రం ఇక్కడి కంపెనీయే ఇవ్వాలి. ఆ ఒప్పందం నకలు చేతిలో పెట్టకుండా ఇంటర్వ్యూకు పంపుతామంటే ఒప్పుకోకండి. అక్కడికి వెళ్లాక "ఆ పక్క పంపు కూడా కాస్త చూడు" అంటారు. ఆ పక్క పంపు ఒప్పందంలో లేకపోతే చూడకూడదు. మొహమాటానికి పోతే రేపు మళ్లీ వీసా రాదు.

కారు నడపగలిగేవాళ్లకే టెక్సాస్. బస్సులు ఉన్నాయన్న పేరే గానీ బావుల దగ్గరికి పోవు. ఇక్కడి రవాణా కార్యాలయంలో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి, ఏడాది చెల్లుతుంది. కారు అద్దెవాళ్లూ మోటెళ్లూ క్రెడిట్ కార్డు మీద కొంత సొమ్ము పట్టి ఉంచుతారు. డెబిట్ కార్డు ఒక్కటే పట్టుకుపోతే కౌంటరు ముందు నిలబడిపోతారు. ఆరోగ్య బీమా లేకుండా వెళ్లడం గురించి మాట్లాడటం కూడా దండగ.

మిడ్‌ల్యాండ్, ఒడెస్సాల మధ్య దూరం 30 కి.మీ. పైచిలుకు. మిడ్‌ల్యాండ్‌లో ఆఫీసులు, ఒడెస్సాలో వర్క్‌షాపులు, యార్డులు. మన గవర్నరుపేటకు, ఆటోనగర్‌కు ఉన్న తేడా అనుకోండి. చేతి పనివాళ్లు ఒడెస్సాలో వంటగది ఉన్న వారపు అద్దె గది చూసుకోవడం మేలు. బావి పేకోస్, ఓర్లా వైపైతే అసలు ఊళ్లో ఉండకండి, కార్మికుల క్యాంపే నయం. గది అగ్గిపెట్టంత ఉంటుంది, మందు తాగనివ్వరు, చుట్టాలను రానివ్వరు. కానీ మూడు పూటలా తిండి ఉంటుంది, రాత్రిపూట గంటన్నర డ్రైవింగు తప్పుతుంది. అక్కడికి మందు కోసం, చుట్టాల కోసం పోతున్నామా?

తిండి

ఇది చిన్న విషయమని ఎవరైనా అంటే వాళ్లు పదో రోజు దాకా ఎక్కడా ఉండలేదని అర్థం.

దులియాజాన్‌లో మనకు ఇబ్బందే లేదు. అన్నం, చేప. ఆవనూనె వాసన అలవాటు కావడానికి నాలుగు రోజులు, ఆ తరవాత వాళ్ల పుల్లటి చేపల పులుసు, "టేంగా" అంటారు, మన పులుసుకు చిన్నమ్మ కూతురులా అనిపిస్తుంది. గోంగూర కూడా ఉంది! అక్కడ టేంగామోరా అంటారు. మెస్సులో మొదటిసారి చూసినప్పుడు వంటాయనను కౌగిలించుకోబోయాను. ఒక్క హెచ్చరిక, గుంటూరు పౌరుషంతో భూత్ జొలోకియా మిరపకాయ కొరకొద్దు. మన సన్నాలు ఘాటు కొలమానం మీద వేలల్లో ఉంటే అది పది లక్షలు. 2007లో ప్రపంచంలోకెల్లా ఘాటైనదిగా గిన్నిస్‌లో ఎక్కింది. మా జట్టులో సత్తెనపల్లి కుర్రాడొకడు పందెం వేసి కొరికాడు. ఆ పూట డ్యూటీ నేనే చేశాను.

బార్మేర్‌లో సజ్జ రొట్టె, పప్పు, ఎండు కాయలతో చేసే కేర్ సాంగ్రీ కూర. అన్నం అడిగితే పండగలా చూస్తారు. వెల్లుల్లి కారం చట్నీ మాత్రం బాగుంటుంది. జోధ్‌పూర్ దగ్గరి మథానియా మిరప రంగుకు పేరుపడింది, ఘాటుకు కాదు. చిన్న కుక్కరు, కారప్పొడి, చింతపండు వెంట తీసుకుపోండి. గదిలో వంట కుదురుతుందా అని ముందే అడగండి.

టెక్సాస్‌లో బియ్యం, పెరుగు ఏ పెద్ద దుకాణంలోనైనా దొరుకుతాయి. పంపు నీళ్లు ఉప్పదనం, తాగడానికి కొనుక్కోవాల్సిందే. ఆవకాయ, గోంగూర పచ్చడి గట్టిగా మూత వేసి తీసుకువెళ్లి, విమానాశ్రయంలో ఉన్నాయని చెప్పండి. మటన్ పచ్చడి మాత్రం ఇంట్లోనే తినేసి వెళ్లండి.

మరి ఎవరికి ఏది?

మొదటిసారి బయటికి పోయేవాళ్లు, ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లు, పనిముట్లు సొంతానివై ఉన్నవాళ్లు దులియాజాన్ తీసుకోండి. మిగిలేది అంకెలో తక్కువగా కనిపించినా దాదాపు మొత్తం ఇంటికి వస్తుంది. పని నేర్చుకోవాలన్న ఆకలి ఉండి, శీతాకాలంలో వెళ్లగలిగితే బార్మేర్. మంచానికి ఒక్కరే అని రాయించుకున్నాకే. కారు బాగా నడిపి, ఒంటరిగా ఉండగలిగి, బస ఖర్చు బత్తాతో కలపకుండా కంపెనీయే నేరుగా కట్టేట్టయితే మిడ్‌ల్యాండ్. ఆ ఒక్క షరతు తప్పితే మూడింటిలో అదే ఆఖరు.

ఇవేవీ వద్దనుకునేవాళ్లకు చమురు పనులకు రాజమండ్రి ఎలాగూ ఉంది. రాత్రి భోజనానికి ఇంటికి రాకపోయినా ఆదివారానికి రావచ్చు. అబూధాబీ పడమటనున్న రువైస్ పనులు కూడా మన జిల్లాల వాళ్లకు తరచు వస్తుంటాయి. అక్కడ మంచం గొడవ తక్కువ, క్యాంపు ఉంటుంది. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఎండలో పని చేయించకూడదని చట్టం ఉంది, వెళ్లే నెలను బట్టి షిఫ్టు అడగండి.

మా వాడు సాయంత్రం దాకా కూర్చుని రెండు ఉత్తరాలు రాశాడు. ఒకటి మిడ్‌ల్యాండ్‌కు బస, కారు కంపెనీయే కట్టాలని, కొనుగోలు ఒప్పందం నకలు ఇవ్వాలని. రెండోది, అది కుదరకపోతే దులియాజాన్ ఖాయం చేయమని. బార్మేర్ కాగితం మే నెలది కాబట్టి నా మాట విని పక్కన పెట్టాడు. కంపెనీ నుంచి ఇంకా జవాబు రాలేదు. నిన్న ఫోటో పంపాడు. గడ్డం మాత్రం తీసేశాడు.